ఆఖరి నిమిషాన్ని చూపించే యాంటీబాడీ: ఫాస్ఫో-ఏసీసీ సెరీన్-79తో ఆరేళ్లు

మైనస్ 20 ఫ్రీజర్‌లో నా డబ్బాలో ఇప్పుడున్నది ఏడో వయల్. ఏసీసీ అనే ఎంజైమ్‌లో సెరీన్-79 అనే చోట ఫాస్ఫేటు ఉంటేనే పట్టుకునే యాంటీబాడీ ఇది. మొదటిది తెరిచి ఆరేళ్లు దాటింది. కాలేయం, కండరం, కొవ్వు కణజాలం, హెప్‌జీ2 కణాలు (ల్యాబ్‌లో పెంచే మనిషి కాలేయ కణితి కణాలు), అప్పుడే వేరుచేసిన కాలేయ కణాలు, అన్నిటి మీదా దీన్ని వాడాను. మొదటి మూడు వయల్స్ పాలీక్లోనల్ (చాలా యాంటీబాడీల మిశ్రమం), తర్వాతి నాలుగు రీకాంబినెంట్ మోనోక్లోనల్ (జన్యువు నుంచి తయారుచేసిన ఒకే ఒక్క యాంటీబాడీ), రెండూ కుందేలువే. ఈ సైట్‌కి యాంటీబాడీలు చాలా కంపెనీలు అమ్ముతాయి. నేను చెప్పబోయేదాంట్లో ఎక్కువ భాగం ఎవరి వయల్‌కైనా వర్తిస్తుంది కాబట్టి కంపెనీ పేర్ల జోలికి పోను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. యాంటీబాడీ చాలా మంచిది. దీని మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దీని తప్పులు కావు. శాంపిల్ గడ్డకట్టే ముందు ఆఖరి నిమిషంలో కణానికి ఏం జరిగిందో అది చూపిస్తుంది. మనమేమో గంటసేపు ఇచ్చిన మందు ప్రభావం చూడాలనుకుంటాం. ఈ రెండూ ఒకటి కాదని నాకు అర్థం కావడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఆ రెండేళ్లయినా కలిసిరావాలని రాస్తున్నాను.

ఏసీసీ అంటే ఎసిటైల్-కోఏ కార్బాక్సిలేజ్. ఎసిటైల్-కోఏకి ఒక కార్బన్ తగిలించి మలోనైల్-కోఏ తయారుచేస్తుంది. ఆ పనికి దానికి బయోటిన్ కావాలి, ఏటీపీ కావాలి, బైకార్బొనేట్ కావాలి. బయోటిన్ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు దాంతో పని పడుతుంది. కొవ్వు ఆమ్లాల తయారీ మలోనైల్-కోఏ మీదుగా సాగుతుందని 1958లో సాలిహ్ వకీల్ చూపించారు. అదే మలోనైల్-కోఏ, కొవ్వు ఆమ్లాలను మైటోకాండ్రియా లోపలికి పంపే సీపీటీ1ని అడ్డుకుంటుందని 1977లో మెక్‌గ్యారీ, ఫాస్టర్ బృందం తేల్చింది. అంటే ఒకే అణువు అటు కొవ్వు తయారీకి ముడిసరుకు, ఇటు కొవ్వు దహనానికి అడ్డుకట్ట. కణంలో శక్తి తగ్గినప్పుడు ఏఎంపీకే అనే కైనేజ్ ఏసీసీ మీది సెరీన్-79కి, అంటే వరసలో 79వ అమైనో ఆమ్లమైన సెరీన్‌కి, ఫాస్ఫేటు తగిలిస్తుంది. ఎంజైమ్ చురుకు పడిపోతుంది, మలోనైల్-కోఏ తగ్గుతుంది, తయారీ ఆగి దహనం మొదలవుతుంది. మన యాంటీబాడీ పట్టుకునేది ఆ ఒక్క ఫాస్ఫేటును.

ఏసీసీకి రెండు రూపాలున్నాయి, ఏసీసీ1, ఏసీసీ2. 79 అన్న అంకె రాట్ ఏసీసీ1 లెక్క. మనిషి ఏసీసీ1లో అదే చోటు 80. ఏసీసీ2లోనూ ఈ సైట్ ఉంది, మౌస్‌లో అది 212. చుట్టూ ఉన్న అమైనో ఆమ్లాల వరస దాదాపు ఒకటే కావడంతో ఒకే యాంటీబాడీ ఇన్నిటినీ పట్టుకుంటుంది. మొదట్లో నాకు దీంతో తికమకగా ఉండేది. మనిషి కణాల మీద చేసి "సెరీన్-79" అని రాస్తే సమీక్షకులు నిలదీస్తారు, "సెరీన్-80" అని రాస్తే వయల్ మీది పేరుతో కలవదు. ఇప్పుడు పద్ధతుల విభాగంలో రెండు అంకెలూ రాసి, ఏది ఏ జాతి లెక్కో ఒక్క వాక్యంలో చెప్పేస్తున్నాను.

అసలు ఏఎంపీకే పని చూడాలంటే ఏఎంపీకే మీదే ఫాస్ఫేటు పడే చోటు, థ్రియోనిన్-172 చూస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. ఏఎంపీ (ఏటీపీ ఖర్చయినప్పుడు పెరిగే అణువు) వచ్చి కైనేజ్‌కి అతుక్కున్నంత మాత్రానే దాని చురుకు పెరుగుతుంది, అందుకోసం థ్రియోనిన్-172 మీద ఫాస్ఫేటు పెరగనక్కర్లేదు. ఏఎంపీకేని లేపే ఏ-769662 లాంటి మందు ఇచ్చినప్పుడు నా బ్లాట్లలో (ప్రోటీన్లను జెల్‌లో సైజు వారీగా విడదీసి, మెంబ్రేన్ మీదకు దింపి, యాంటీబాడీతో బ్యాండ్లుగా చూసే పరీక్ష) థ్రియోనిన్-172 కదలకుండా ఉంటే పక్కనే ఏసీసీ బ్యాండ్ బాగా ముదిరిన సందర్భాలు చాలా ఉన్నాయి. కైనేజ్ నిజంగా పనిచేసిందా అన్నదానికి దాని చేతి గుర్తే సాక్ష్యం. ఏఎంపీకే చురుకును కొలవడానికి ల్యాబ్‌లు వాడే సామ్స్ పెప్టైడ్ కూడా ఈ చోటు నుంచి తీసుకున్నదే. 1989లో డేవిస్, కార్లింగ్, హార్డీ రాట్ ఏసీసీలోని ఈ ముక్కనే తీసుకుని, సెరీన్-77 స్థానంలో అలనిన్ పెట్టారు, పీకేఏ అనే మరో కైనేజ్ వచ్చి అక్కడ ఫాస్ఫేటు పెట్టకుండా. మనం బ్లాట్‌లో చూసేదీ, వాళ్లు పరీక్షనాళికలో కొలిచిందీ ఒకే సైట్. ఆ సంగతి తెలిసిన రోజు నాకు ఈ వయల్ మీద గౌరవం పెరిగింది.

ఇక వాడకం. మొదటి మూడు నెలలు నాకు వచ్చినవి తెల్లటి బ్లాట్లు. యాంటీబాడీ చచ్చిపోయిందనుకున్నాను. చచ్చింది ట్రాన్స్‌ఫర్, అంటే జెల్ నుంచి మెంబ్రేన్ మీదకు ప్రోటీన్‌ని దింపే పని. ఏసీసీ1 265 కిలోడాల్టన్లు, ఏసీసీ2 280. ఇంత పెద్ద ప్రోటీన్ పది శాతం జెల్‌లో పైనే ఇరుక్కుపోతుంది. సెమీ-డ్రై యంత్రంలో అరగంటలో మెంబ్రేన్ మీదకు దిగదు. యాక్టిన్‌కి పనిచేసిన పద్ధతే దీనికీ పనిచేస్తుందనుకోవడం నా పొరపాటు. ఇప్పుడు ఆరు శాతం జెల్ గానీ, మూడు నుంచి ఎనిమిది శాతం ట్రిస్-ఎసిటేట్ గ్రేడియెంట్ గానీ వాడుతున్నాను. బఫర్‌లో ముంచి చేసే వెట్ ట్రాన్స్‌ఫరే, చల్లగదిలో 30 వోల్టుల మీద రాత్రంతా. బఫర్‌లో మెథనాల్ 20 శాతం కాకుండా 10, కొద్దిగా ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ కూడా కలుపుతాను. మెథనాల్ ఎక్కువైతే జెల్ ముడుచుకుపోయి పెద్ద ప్రోటీన్లు లోపలే చిక్కుకుంటాయి. ట్రాన్స్‌ఫర్ అయ్యాక జెల్‌ని పారేయకుండా కూమాసీ అనే ప్రోటీన్ రంగులో వేసి చూడండి. పైభాగం ఇంకా నీలంగా ఉంటే, ప్రైమరీ (అంటే మన ఈ యాంటీబాడీ) పోయకముందే సమస్య ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఇంకో చిన్న సంగతి. మనం మామూలుగా వాడే రంగు మార్కర్లలో చాలావాటికి పై బ్యాండ్ 250. ఏసీసీ దానికి కాస్త పైన ఉంటుంది. ఒకే మెంబ్రేన్ నుంచి రెండు మూడు ప్రోటీన్లు చూద్దామని కత్తిరించేటప్పుడు చేయి 250 గీత మీదకే పోతుంది. ఒకసారి నేను అలాగే కత్తిరించి బ్యాండ్‌ని నిలువునా పాడుచేసుకున్నాను. అప్పటి నుంచి 150 దగ్గర కోస్తున్నాను. లోడింగ్ కంట్రోల్‌గా, అంటే అన్ని లేన్లలో సమానంగా ప్రోటీన్ పోశామని చూసేందుకు, యాక్టిన్ కూడా ఇక్కడ ఇబ్బందే, ఆరు శాతం జెల్‌లో అది కిందికి జారి బయటకు పోతుంది. విన్‌క్యులిన్ 120 దరిదాపుల్లో ఉండి హాయిగా నిలుస్తుంది.

బ్లాకింగ్‌కి పాలపొడి వద్దు. పాలలో కేసిన్ నిండా ఫాస్ఫేట్లే, ఫాస్ఫో యాంటీబాడీకి అది మంచి తోడు కాదు. ఐదు శాతం బీఎస్‌ఏ (ఆవు రక్తపు ఆల్బుమిన్), టీబీఎస్‌టీ అనే ఉప్పు బఫర్‌లో. ప్రైమరీ వెయ్యికి ఒకటి చొప్పున అదే బీఎస్‌ఏలో కలిపి, నాలుగు డిగ్రీల దగ్గర రాత్రంతా. పాలీక్లోనల్‌కి ఇది సరిగ్గా సరిపోయేది. మోనోక్లోనల్ అయితే రెండు వేలకు ఒకటైనా కాలేయ లైసేట్‌లో (కణాలను పగలగొట్టి తీసిన ద్రవంలో) బలంగానే వస్తోంది. గది ఉష్ణోగ్రతలో గంటసేపు పెట్టి చూశాను. బ్యాండ్ వస్తుంది గానీ మసక. తొందరపడి లాభం లేదు.

ఇందాక బయోటిన్ అన్నాను కదా. ఏసీసీకి బయోటిన్ సహజంగానే అతుక్కుని ఉంటుంది, ఫాస్ఫేటు ఉన్నా లేకపోయినా. ఒకసారి ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి బ్లాట్ పట్టుకుని వచ్చింది. "అక్కా, మందు ఇచ్చినా ఇవ్వకపోయినా అన్ని లేన్లూ ఒకేలా ఉన్నాయి. ఏఎంపీకే పనిచేయడం లేదేమో." బ్యాండ్ మాత్రం సరిగ్గా 265 దగ్గర, కళ్లు చెదిరేంత శుభ్రంగా ఉంది. నేనూ కాసేపు నమ్మాను. తర్వాత ఆమె వాడిన సెకండరీ (ప్రైమరీని పట్టుకుని సిగ్నల్ ఇచ్చే రెండో యాంటీబాడీ) ఏదని అడిగితే, సిగ్నల్ పెంచడానికి బయోటిన్ తగిలించిన సెకండరీ, దాని మీద స్ట్రెప్టావిడిన్-హెచ్‌ఆర్‌పీ వాడానంది. స్ట్రెప్టావిడిన్ బయోటిన్‌ని గట్టిగా పట్టుకునే ప్రోటీన్, హెచ్‌ఆర్‌పీ సిగ్నల్ ఇచ్చే ఎంజైమ్. ఇంకేముంది, స్ట్రెప్టావిడిన్ నేరుగా ఏసీసీ మీది బయోటిన్‌నే పట్టుకుంది. ప్రైమరీ లేకుండా మళ్లీ చేయించాను. అదే బ్యాండ్, అదే చోట. ఈ ఉచ్చు మిగతా ప్రోటీన్ల విషయంలో ఇంత ప్రమాదకరం కాదు. సరిగ్గా మనం వెతికే సైజులోనే, మనం వెతికే ప్రోటీనే తప్పుడు సాక్ష్యం ఇస్తుంది కాబట్టి ఏసీసీ విషయంలో ఎవరికీ అనుమానం రాదు. ఈ యాంటీబాడీతో బయోటిన్-స్ట్రెప్టావిడిన్ పద్ధతి జోలికి పోవద్దు. హెచ్‌ఆర్‌పీ నేరుగా తగిలించిన సెకండరీ చాలు.

అదే బయోటిన్ మనకు మేలు కూడా చేస్తుంది. మొత్తం ఏసీసీ ఎంతుందో చూడటానికి వేరే యాంటీబాడీ లేకపోతే, రెండో మెంబ్రేన్ మీద స్ట్రెప్టావిడిన్-హెచ్‌ఆర్‌పీ పోస్తే చాలు. పైన ఏసీసీ, 130 దగ్గర పైరువేట్ కార్బాక్సిలేజ్, 75 దగ్గర మరో రెండు కార్బాక్సిలేజ్‌ల బ్యాండ్లు కనిపిస్తాయి. ఆ 130 బ్యాండ్ చాలాసార్లు నాకు లోపలి కొలబద్దలా పనికొచ్చింది. ఇక్కడ కూడా పాలపొడి బ్లాకింగ్ పనికిరాదు, పాలలో ఉండే బయోటిన్ స్ట్రెప్టావిడిన్‌ని మింగేస్తుంది.

ఇప్పుడు ఆఖరి నిమిషం సంగతి. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఇదే.

రెండో ఏడాది మౌస్ కాలేయాలతో పని మొదలుపెట్టాను. మందు ఇచ్చినవి ఒక గుంపు, ఇవ్వనివి ఒక గుంపు. బ్లాట్ చూస్తే రెండు గుంపుల్లోనూ బ్యాండ్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. మందు ఇవ్వని జంతువుల్లో ఇంత ఫాస్ఫేటు ఎందుకుంటుంది? మొదట లైసిస్ బఫర్‌ని అనుమానించాను, తర్వాత యాంటీబాడీ లాట్‌ని, తర్వాత మందుని. మూడు నెలలు ఇలాగే గడిచిపోయాయి. ఆఖరికి నా నోట్‌బుక్‌లో ఒక చిన్న రాత కనిపించింది. నేను జంతువుల్ని తీసిన వరస. వరసలో మొదట తీసిన మౌస్‌లలో బ్యాండ్ కాస్త తేలిక, చివరికి తీసినవాటిలో ముదురు. గుంపుతో సంబంధం లేదు. చేయి అలిసే కొద్దీ కాలేయం తీసి నత్రజనిలో వేయడానికి నాకు ఎక్కువ సమయం పట్టింది, అంతే.

రక్తప్రసరణ ఆగిన కణజాలంలో ఆక్సిజన్ అందదు, ఏటీపీ పడిపోతుంది, ఏఎంపీ పెరుగుతుంది. ఏఎంపీకే కనిపెట్టుకుని ఉండేదే దానికోసం. నిమిషాలు కాదు, సెకన్లలోనే పని మొదలుపెడుతుంది. మనం కాలేయాన్ని కోసి, సెలైన్‌లో కడిగి, కాగితం మీద అద్ది, తూకం వేసి, ట్యూబులో పెట్టేలోపు, మనం ఇచ్చిన ఏ మందుకన్నా బలమైన ఉత్తేజం దానికి అందిపోతుంది. యాంటీబాడీ దాన్ని ఉన్నదున్నట్టు చూపించింది. మూడు నెలలు నేను దాని మీద అనుమానపడ్డాను, అది మాత్రం నిజమే చెబుతూ వచ్చింది.

ఇప్పుడు కాలేయం ఇంకా శరీరంలో ఉండగానే ఒక తమ్మెని ద్రవ నత్రజనిలో చల్లబరిచిన అల్యూమినియం పటకారు మధ్య నొక్కి అక్కడికక్కడే గడ్డకట్టిస్తున్నాను. కడగడం లేదు, తూకం లేదు. తూకం తర్వాత, గడ్డకట్టిన ముక్కతోనే. పొడి కూడా నత్రజనిలోనే చేయాలి. మధ్యలో ఒక్కసారి కరిగినా మళ్లీ అదే కథ. జంతువుల వరసను రెండు గుంపుల మధ్య కలగలిపి పెట్టుకుంటున్నాను, ప్రతి శాంపిల్‌కీ ఎన్ని సెకన్లు పట్టిందో పక్కన ఒకరు రాస్తారు. ఇలా చేసిన మొదటి బ్లాట్‌లో మందివ్వని కాలేయాల్లో బ్యాండ్ దాదాపు కనిపించనంత సన్నగా వచ్చింది. ఆ రోజు ఆ ఫిల్మ్‌ని చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను. సన్నటి బ్యాండ్ చూసి అంత సంతోషపడటం అదే మొదటిసారి.

కణాల్లో ఇంత ఘోరం ఉండదు గానీ, ఉంటుంది. ట్రిప్సిన్‌తో లేపి, సెంట్రిఫ్యూజ్ చేసి, కడిగి లైసిస్ చేస్తే బేసల్, అంటే మందు లేనప్పటి స్థాయి, ఎప్పుడూ ఎక్కువే. గ్లూకోజ్ లేని పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంలో రెండుసార్లు తీరిగ్గా కడగడం కూడా ఒక ఉత్తేజమే. ఇంక్యుబేటర్ నుంచి ఆరు ప్లేట్లు ఒకేసారి తెచ్చి బల్లమీద పెట్టుకుని ఒక్కొక్కటే చేస్తే ఆరో ప్లేటు మొదటిదానిలా ఉండదు. దీన్ని నేను ప్రత్యేకంగా పరీక్షించాను. ఏ మందూ లేని హెప్‌జీ2 ప్లేట్లను వేర్వేరు నిమిషాలపాటు మీడియం తీసేసి బల్లమీద ఉంచి లైసిస్ చేస్తే, నిమిషాలు పెరిగే కొద్దీ బ్యాండ్ మెట్లు మెట్లుగా ముదిరింది. అప్పటి నుంచి ఒక్కో ప్లేటే బయటకు తెస్తాను. మంచు మీద పెట్టి, మీడియం పీల్చేసి, వెంటనే వేడి ఎస్‌డీఎస్ బఫర్ పోసేస్తాను. కడగను. జిగురుగా వచ్చే డీఎన్‌ఏని సోనికేటర్‌తో విడగొట్టి, బీసీఏతో ప్రోటీన్ కొలిచాకే డీటీటీ కలుపుతాను. ముందే కలిపితే బీసీఏ పాడవుతుంది.

రాత్రంతా మార్చని మీడియం ఇంకో పాపం. కణాలు కిక్కిరిసి ఉంటే తెల్లారేసరికి గ్లూకోజ్ తినేస్తాయి, మందు ఇవ్వకముందే ఏసీసీ ఫాస్ఫేటుతో నిండి ఉంటుంది. ప్రయోగానికి రెండు గంటల ముందు అన్ని ప్లేట్లకూ, కంట్రోల్‌తో సహా, కొత్త మీడియం వేస్తాను.

వేడి ఎస్‌డీఎస్ కాకుండా మామూలు లైసిస్ బఫర్ వాడేవాళ్లు ఇన్‌హిబిటర్లను చూసుకోవాలి. చాలామంది ఆర్థోవనడేట్ వేసి ఫాస్ఫటేజ్‌ల (ఫాస్ఫేటు ఊడదీసే ఎంజైమ్‌ల) పని అయిపోయిందనుకుంటారు. అది టైరోసిన్ ఫాస్ఫటేజ్‌ల కోసం. మనది సెరీన్. సోడియం ఫ్లోరైడ్ 50 మిల్లీమోలార్, సోడియం పైరోఫాస్ఫేట్ 5 మిల్లీమోలార్, బీటా-గ్లిసరోఫాస్ఫేట్ ఉండాలి. ఈడీటీఏ కూడా తప్పనిసరి, మెగ్నీషియం దొరక్కపోతే లైసేట్‌లో కైనేజ్ పని కొనసాగించలేదు. ఫాస్ఫేటు పోవడాన్నే కాదు, కొత్తగా రావడాన్ని కూడా ఆపాలి.

నిర్దిష్టత గురించి. కొత్త లాట్ వచ్చిన ప్రతిసారీ నేను మూడు లేన్ల బ్లాట్ ఒకటి చేస్తాను: మందు లేని హెప్‌జీ2, ఏఎంపీకేని లేపే ఐకార్ మందు ఒక మిల్లీమోలార్ గంటసేపు ఇచ్చిన హెప్‌జీ2, అదే లైసేట్‌కి లాంబ్డా ఫాస్ఫటేజ్ ఇచ్చినది. మూడో లేన్ ఖాళీగా రావాలి. నాది మొదటిసారి ఖాళీగా రాలేదు. కారణం సిల్లీగా అనిపించవచ్చు గానీ చాలామంది ఇక్కడే పడతారు. ఇన్‌హిబిటర్లూ ఈడీటీఏ నిండా ఉన్న లైసేట్‌కి ఫాస్ఫటేజ్ ఇస్తే అది మాత్రం ఎలా పనిచేస్తుంది, దానికి మాంగనీస్ కూడా కావాలి. ఆ లేన్ కోసం ఇన్‌హిబిటర్లు లేని లైసేట్ విడిగా చేసుకోవాలి. దొరికితే ఇంకా గట్టి పరీక్ష ఒకటుంది: ఏఎంపీకే ఆల్ఫా1, ఆల్ఫా2 అనే దాని రెండు రూపాలూ తీసేసిన ఎంఈఎఫ్ (మౌస్ పిండ) కణాలు. వాటిలో ఐకార్ ఇచ్చినా నా మోనోక్లోనల్‌కి 265 దగ్గర దాదాపు ఏమీ రాలేదు. పాలీక్లోనల్‌లో మాత్రం కింద వంద దరిదాపుల్లో ఒక మొండి బ్యాండ్ అన్ని లేన్లలోనూ ఉండేది. అది ఏమిటో పట్టించుకోకుండా సైజును బట్టి వదిలేశాను. అయితే ఇదే కారణంగా, బ్యాండ్ సైజు చూసే వీలు లేని పనులకు, అంటే ఇమ్యునోఫ్లోరెసెన్స్‌కీ కణజాల కోతలకీ, ఆ పాలీక్లోనల్‌ని నేను నమ్మలేదు. మోనోక్లోనల్‌తో కణాల మీద ప్రయత్నించాను గానీ ఫాస్ఫటేజ్ కంట్రోల్‌లో నాకు కావలసినంత తేడా రాలేదు. ఆ చిత్రాలు ఎక్కడా వేయలేదు.

ఇక కండరం. కండరంలో, గుండెలో ఎక్కువగా ఉండేది ఏసీసీ2. మైటోకాండ్రియా బయటి పొర మీద కూర్చుని సీపీటీ1ని అదుపులో పెట్టేది అదే. కాబట్టి కండరం లైసేట్‌లో ఈ యాంటీబాడీకి వచ్చే ముదురు బ్యాండ్ 280 దగ్గర, ఏసీసీ2ది. దాన్ని "ఫాస్ఫో-ఏసీసీ1 సెరీన్-79" అని పేరు పెట్టడం తప్పు. కాలేయంలో రెండూ ఉంటాయి, మామూలు జెల్‌లో 265, 280 కలిసిపోయి ఒకే లావు గీతలా కనిపిస్తాయి. విడదీయాలంటే పొడవాటి జెల్, ఓపిక రెండూ కావాలి. విడదీయకపోతే "ఫాస్ఫో-ఏసీసీ" అని ఊరుకోవడమే నిజాయితీ. కండరంలో పాజిటివ్ కంట్రోల్‌గా ఏ-769662 వాడి బ్యాండ్ రాలేదని దిగులుపడొద్దు. ఆ మందు బీటా1 ఉన్న ఏఎంపీకే మీద పనిచేస్తుంది, కండరంలో ఎక్కువగా ఉండేది బీటా2. అక్కడ ఐకార్ గానీ, కండరాన్ని సంకోచింపజేయడం గానీ మేలు.

బ్యాండ్ బలాన్ని దేనితో పోల్చి లెక్కగట్టాలన్న భాగహారం దగ్గర కూడా జారిపడతాం. ఆహారం మానేసిన జంతువులో మొత్తం ఏసీసీ ప్రోటీనే తగ్గుతుంది. తిరిగి తినిపిస్తే ఎస్‌ఆర్‌ఈబీపీ-1సీ అనే ప్రోటీన్ ఏసీసీ జన్యువును లేపి ఏసీసీని పెంచుతుంది. అలాంటి ప్రయోగంలో ఫాస్ఫో బ్యాండ్‌ని విన్‌క్యులిన్‌తో భాగిస్తే ఒక జవాబు, మొత్తం ఏసీసీతో భాగిస్తే ఇంకో జవాబు. ఒకసారి నాకు రెండు జవాబులూ ఎదురెదురు దిక్కుల్లో వచ్చాయి. ఇప్పుడు రెండూ చూపిస్తాను. మొత్తం ఏసీసీకి అదే మెంబ్రేన్‌ని స్ట్రిప్ చేయడం మానేశాను. ఇంత పెద్ద ప్రోటీన్ స్ట్రిప్పింగ్‌లో మెంబ్రేన్ నుంచి సమంగా ఊడదు, పైగా గట్టిగా అతుక్కున్న ఈ ప్రైమరీ పూర్తిగా పోదు. ఒకే లైసేట్‌తో రెండు జెల్‌లు ఒకేసారి నడిపితే తలనొప్పి ఉండదు.

ఏఎంపీకేని ఆపే మందుగా వాడే కాంపౌండ్ సీ ఇచ్చి బ్యాండ్ తగ్గింది కాబట్టి ఇదంతా ఏఎంపీకే పనే అని రాసేవాళ్లకు ఒక్క మాట: ఆ మందు ఇంకా చాలా కైనేజ్‌లను ఆపుతుంది. దాని ఒక్కదాని మీద ఆధారపడి వాదన కట్టకండి.

లాట్ల తేడా గురించి కూడా చెప్పాలి. పాలీక్లోనల్ మూడు లాట్లలో రెండు బాగా పనిచేశాయి, మూడోదానికి మసక ఎక్కువ, అదే డైల్యూషన్‌లో సగం సిగ్నల్. ఆ సమయంలో నడుస్తున్న ప్రయోగం ఒకటి మధ్యలో ఆగిపోయి మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. మోనోక్లోనల్‌కి మారిందే అందుకు. నాలుగు వయల్స్‌లో నాకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. యాభై శాతం గ్లిసరాల్‌లో వస్తుంది కాబట్టి మైనస్ 20లో గడ్డకట్టదు, చిన్న ట్యూబుల్లో పంచుకునే పని లేదు. మైనస్ 80లో మాత్రం పెట్టొద్దు. కలిపిన ప్రైమరీని నాలుగు డిగ్రీల్లో ఉంచి మూడుసార్లు వాడాను. మూడోసారి కాస్త నీరసించింది గానీ వాడదగ్గదే. అలా దాచేటప్పుడు అజైడ్ వేస్తే, సెకండరీకి ముందు బాగా కడగాలి, అజైడ్ హెచ్‌ఆర్‌పీని చంపేస్తుంది. ప్రచురణకు వెళ్లే బ్లాట్‌కి మాత్రం ఎప్పుడూ కొత్తగా కలిపినదే.

ఈ బ్యాండ్ ముదిరింది అంటే కొవ్వు తయారీ ఆగింది అని అర్థమా? చాలావరకు అవును, కానీ నేరుగా కాదు. సిట్రేట్ ఏసీసీని లేపుతుంది, పొడవాటి కొవ్వు ఆమ్లాల కోఏలు పడుకోబెడతాయి, వీటిలో ఏదీ ఈ యాంటీబాడీకి కనిపించదు. కొవ్వు తయారీ గురించి వాదించాలంటే లేబుల్ చేసిన అసిటేట్ కొవ్వులోకి ఎంత చేరిందో కొలవాలి, వీలైతే మలోనైల్-కోఏని కూడా. మరి ఈ ఒక్క ఫాస్ఫేటుకి ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, దాన్ని తీసేస్తే ఏమవుతుందో మనకు తెలుసు కాబట్టి. ఏసీసీ1లో 79, ఏసీసీ2లో 212 స్థానాల్లో సెరీన్ బదులు అలనిన్ పెట్టిన మౌస్‌ల గురించి 2013లో ఒక బృందం ప్రచురించింది. వాటి కాలేయాల్లో కొవ్వు పేరుకుంది, ఇన్సులిన్‌కి స్పందన తగ్గింది. కొవ్వెక్కువ తిండి పెట్టి మెట్‌ఫార్మిన్ ఇస్తే మామూలు మౌస్‌లకు మేలు జరిగింది, వీటికి జరగలేదు. ఒక్కో అమైనో ఆమ్లం మార్పు అంతే. ఆ పేపర్ చదివినప్పటి నుంచి నా బ్లాట్‌లోని గీతను ఒక గీతలా చూడలేకపోయాను.

మళ్లీ కొంటానా అంటే, కొంటాను, మోనోక్లోనల్‌నే. మొదటిసారి కొనేవాళ్లు చిన్న సైజు తీసుకుని, డబ్బు మిగిల్చి, దాంతో ద్రవ నత్రజని ఏర్పాటు చూసుకోండి. ఐకార్ ఇచ్చినదీ ఇవ్వనిదీ పెద్ద మొత్తంలో హెప్‌జీ2 లైసేట్ ఒకేసారి చేసి, చిన్న చిన్న ట్యూబుల్లో మైనస్ 80లో దాచుకోండి. ప్రతి బ్లాట్‌లోనూ ఆ రెండూ చివరి రెండు లేన్లలో నడపండి. నాలుగేళ్ల కిందట నేను చేసి దాచినవి ఇంకో పదకొండు ట్యూబులు మిగిలాయి. ఏడో వయల్‌ని నేను ఒప్పుకున్నది వాటి పక్కన పెట్టి చూశాకే.